క్రిప్టో వ్యాపారం: నిఘా పెట్టవలసినది గేటు దగ్గరే

క్రిప్టో నాణేల వ్యాపారాన్ని అదుపు చేయడం ప్రభుత్వాల వల్ల అవుతుందా అన్న ప్రశ్న వర్తక వర్గాలలో చాలాకాలంగా నలుగుతున్నది. 2018 నుంచి జరిగిన పరిణామాలను బట్టి చూస్తే సమాధానం స్పష్టంగానే ఉన్నది. నాణేన్ని అదుపు చేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఆ నాణెం రూపాయిగానో డాలరుగానో మారే గేటును అదుపు చేయడం సాధ్యమే. అయితే గేటు దగ్గర ఎంత బరువు మోపాలన్నది అసలు సమస్య. మన ప్రభుత్వం లెక్క తప్పినది అక్కడే.

బిట్‌కాయిన్ రహస్య నాణెమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దాని ప్రతి బదిలీ లోకమంతా చూడగల చిట్టాలో నమోదవుతుంది. అందులో పేరు ఉండదు, ఖాతా సంఖ్య ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదో ఒక్కసారి తెలిసిందంటే పాత లెక్కలన్నీ బయటపడతాయి. 2021 మే నెలలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ తన కంప్యూటర్లను స్తంభింపజేసిన ముఠాకు 75 బిట్‌కాయిన్లు చెల్లించింది. జూన్‌లోనే అధికారులు వాటిలో 63.7 నాణేలను స్వాధీనం చేసుకున్నారు. చిట్టా వెంట వెళ్లి ఖాతాను గుర్తించి, దాని తాళాన్ని కూడా చేజిక్కించుకోవడం వల్లనే ఇది సాధ్యమైనది.

2014లో వచ్చిన మొనేరో, 2016లో వచ్చిన జీక్యాష్ వేరే తరహావి. మొనేరోలో పంపినవారు, పుచ్చుకున్నవారు, మొత్తం మూడూ కనపడవు. జీక్యాష్‌లో ఆ మరుగు కోరుకున్నవారికి ఉంటుంది. వీటి చిట్టా చదవడం కష్టం కనుక ప్రభుత్వాలు వీటిని అమ్మే ఎక్స్ఛేంజీలపై దృష్టి పెట్టాయి. దక్షిణ కొరియా 2021లో తన ఎక్స్ఛేంజీల నుంచి ఇటువంటి నాణేలను తొలగింపజేసింది. 2024 ఫిబ్రవరిలో బైనాన్స్ మొనేరో వ్యాపారం నిలిపివేసింది. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం ప్రకారం 2027 జూలై నుంచి అక్కడి సంస్థలు ఈ నాణేలతో వ్యవహరించరాదు.

ఇన్ని చేసినా ఆ నాణేలు మాయం కాలేదు. 2025 చివరి నెలల్లో జీక్యాష్ ధర అనేక రెట్లు పెరిగింది కూడా. కాని పెద్ద మొత్తం రహస్య నాణేలను ఎవరి కంటా పడకుండా బ్యాంకు సొమ్ముగా మార్చుకోవడం మునుపటికంటె కష్టమైనది. ప్రభుత్వాలు సాధించగలిగినది అంతే. అది తక్కువేమీ కాదు.

అంతకు మించి చేయబోతే ఏమవుతుందో అమెరికాలో తేలిపోయింది. నాణేల ఆనవాళ్లను కలగాపులగం చేసే టోర్నడో క్యాష్ అనే ప్రోగ్రాంపై అక్కడి ఖజానా శాఖ 2022 ఆగస్టులో ఆంక్షలు విధించింది. ఎవరూ మార్చలేని ప్రోగ్రాం ఎవరి ఆస్తీ కాదనీ, దానిపై ఆ చట్టం కింద ఆంక్షలు చెల్లవనీ 2024 నవంబరులో అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. 2025 మార్చిలో ఆంక్షలు ఎత్తివేయవలసి వచ్చింది.

ఇక మన దేశం సంగతి. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకుల తలుపులు మూసింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను అక్రమ ధన చలామణి నిరోధక చట్టం కిందికి తెచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో ఆర్థిక నిఘా విభాగం 9 విదేశీ సంస్థలకు నోటీసులు ఇచ్చింది. ఆ సంస్థలలో ఒకటైన బైనాన్స్ 2024లో రిజిస్టరు చేసుకున్నది. దానికి రూ.18.82 కోట్ల జరిమానా పడింది. గేటు దగ్గర నిఘా పనిచేస్తుందనడానికి ఇది మంచి నిదర్శనం.

పన్నుల విషయంలో మాత్రం ఇందుకు విరుద్ధంగా జరిగింది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, జూలై నుంచి ప్రతి అమ్మకంపై 1 శాతం టి.డి.ఎస్. విధించారు. లక్ష రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టినవాడు ధరలు కదలకపోయినా సొమ్మును పదిసార్లు తిప్పేసరికి సుమారు రూ.9,560 ప్రభుత్వం దగ్గర ఉండిపోతుంది. యాభైసార్లు తిప్పితే రూ.39,500 చిక్కుకుంటుంది. అది తర్వాత పన్నులో సర్దుబాటు కావచ్చు. కాని మార్జిన్ మీద బతికే వ్యాపారికి పెట్టుబడి ఆగిపోవడమంటే వ్యాపారం ఆగిపోవడమే. పైగా ఒక నాణెంలో లక్ష లాభం, మరో నాణెంలో లక్ష నష్టం వస్తే చేతికి మిగిలేది సున్న, కట్టవలసిన పన్ను సెస్సు కాక రూ.30,000. మిర్చిలో లాభాన్ని పసుపులో నష్టంతో సరిచూసుకునే వర్తకుడికి ఇది వింత లెక్కగానే తోస్తుంది.

ఫలితం ఊహించదగినదే. దేశీయ ఎక్స్ఛేంజీలలో లావాదేవీలు పడిపోయాయి. చాలా వ్యాపారం టి.డి.ఎస్. కోసేవారు లేని విదేశీ వేదికలకు తరలిపోయింది. సట్టాను నిరుత్సాహపరచడం, లావాదేవీల ఆచూకీ తెలుసుకోవడం దీని ఉద్దేశమని సమర్థకులు అంటారు. ఆచూకీయే కావాలంటే 0.01 శాతం కోసినా అదే ఆచూకీ దొరుకుతుంది. సట్టా తగ్గాలంటే అది దేశం లోపల కళ్లెదుట ఉండాలి.

బులియన్ వర్తకులకు ఈ పాఠం కొత్త కాదు. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు, 1968లో చట్టం వచ్చాయి. దొంగ బంగారం ఆగలేదు. రిజిస్టర్ల బరువు మాత్రం లైసెన్సు ఉన్న వర్తకుడు మోశాడు. 1990లో ఆ చట్టాన్ని రద్దు చేయక తప్పలేదు. 2024 జూలైలో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు అక్రమ రవాణాకు మిగిలే తేడా కూడా తగ్గింది. బంగారంలో తెలిసిన ఈ సూత్రాన్ని క్రిప్టోలో పాటించకపోవడానికి కారణం కనపడదు.

పన్ను పుచ్చుకున్నప్పుడు రక్షణ కూడా ఇవ్వాలి. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. మన దేశంలోని ఖాతాదారులు తమ సొమ్ము కోసం సింగపూర్ హైకోర్టు వైపు ఏడాదికి పైగా ఎదురు చూడవలసి వచ్చింది. మార్కెట్ యార్డులో సెస్సు వసూలు చేసేవారు కాటా సరిచూడటం, రైతుకు సొమ్ము ముట్టేటట్లు చూడటం కూడా తమ పనిగానే భావించాలి. క్రిప్టోలో సెస్సు వచ్చింది, కాటా రాలేదు.

కనుక చేయవలసినవి మూడు. టి.డి.ఎస్.ను నామమాత్రానికి దించాలి. నష్టాన్ని లాభంలో సర్దుకోనివ్వాలి. ఖాతాదారుల నాణేలను ఎక్స్ఛేంజీ సొంత ఆస్తితో కలపరాదని చట్టం చేయాలి. రహస్య నాణేలు ఇద్దరి మధ్య చేతులు మారడాన్ని ఎవరూ ఆపలేరు. అవి రూపాయలుగా మారడానికి వచ్చేది ఆ గేటు దగ్గరికే. గేటు లోపల వ్యాపారం గిట్టుబాటుగా ఉంటేనే వ్యాపారి లోపలికి వస్తాడు. ఎవరూ రాని గేటు దగ్గర ఎంతమంది కాపలా ఉన్నా ప్రయోజనం లేదు.