స్టార్లు చూసి క్యూ ఎంచుకోకండి

సీతారామపురం నుంచి బీటెక్‌కు వెళ్లిన మీరు ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు అమ్మే వెబ్‌సైట్ కట్టారనుకోండి. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు, ఆర్డర్లు వస్తాయి. కొనేవాళ్లు డబ్బు కట్టగానే బిల్లు పీడీఎఫ్ తయారవ్వాలి, ఎస్సెమ్మెస్ వెళ్లాలి, దుకాణానికి కబురందాలి. ఇవన్నీ అయ్యేదాకా తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే ఎవరూ ఊరుకోరు, బటన్ మళ్లీ నొక్కుతారు. అందుకే ఆర్డర్ రాసుకుని వెంటనే 'సరే' అనేసి, మిగతా పనులను వెనకాల వరసలో పెడతారు. అదే బ్యాక్‌గ్రౌండ్ జాబ్ క్యూ. ఆ వరసలోంచి పనులు తీసి చేసే ప్రోగ్రామే వర్కర్.

మరి ఏ లైబ్రరీ? పైథాన్ అయితే సెలెరీ, రూబీ అయితే సైడ్‌కిక్, నోడ్ అయితే బుల్‌ఎంక్యూ. యూట్యూబ్‌లో ఎవర్ని అడిగినా ఇదే మాట. వీటిలో సైడ్‌కిక్, బుల్‌ఎంక్యూ పనులను రెడిస్‌లో దాస్తాయి. సెలెరీతోనూ చాలామంది దాన్నే వాడతారు. ఆ రెడిస్ సంస్థ 2024 మార్చిలో పాత బీఎస్‌డీ లైసెన్సు వదిలేసి షరతులున్న లైసెన్సులకు మారింది. పది రోజులు తిరక్కముందే లినక్స్ ఫౌండేషన్ అండతో, పాత కోడు నుంచే వాల్కీ పుట్టింది. అమెజాన్, గూగుల్, ఒరాకిల్ దాని వెనక నిలిచాయి. 2025 మేలో రెడిస్ 8కు ఏజీపీఎల్ లైసెన్సు కూడా ఇచ్చి సంస్థ మళ్లీ ఓపెన్ సోర్స్ గూటికి చేరింది. మీ చెంచాల సైట్‌కు దీనివల్ల పోయేదేమీ లేదులెండి. కానీ లైబ్రరీ లైసెన్సు ఒక్కటే చూసి ఊరుకుంటే చాలదని తేలింది. అది దేనిమీద నిలబడిందో కూడా చూడాలి.

ఈలోగా గాలి ఇంకో వైపు మళ్లింది. 2024 నవంబరులో వచ్చిన రైల్స్ 8, సాలిడ్ క్యూను తన సొంత క్యూగా పెట్టుకుంది. ఇది పనులను మామూలు డేటాబేస్‌లోనే ఉంచుతుంది. దాన్ని తయారుచేసిన 37సిగ్నల్స్ తన హే మెయిల్ సేవలో రోజుకు 2 కోట్ల పనులు దీనితోనే నడుపుతున్నామని చెప్పింది. ఇలాంటి క్యూలకు దారి వేసింది 2016లో పోస్ట్‌గ్రెస్ 9.5 తెచ్చిన 'స్కిప్ లాక్డ్' సదుపాయం. ఒక వర్కర్ పట్టుకున్న వరుసను ఇంకొకటి ముట్టుకోకుండా దాటేసి, తర్వాతిది అందుకుంటుంది.

చిన్న సైట్‌కు ఇదే మేలని నా అభిప్రాయం. కారణం వేగం కాదు. ఆర్డర్, పని రెండూ ఒకే డేటాబేస్‌లో ఉంటే ఒకే లావాదేవీలో రాయొచ్చు. రాస్తే రెండూ పడతాయి, లేదంటే రెండూ పడవు. విడిగా రెడిస్ ఉంటే ఆర్డర్ పడి పని పడకపోవచ్చు. ఆర్డర్ ఇంకా సేవ్ కాకముందే వర్కర్ దాన్ని వెతుక్కుంటూ వెళ్లి ఖాళీ చేతుల్తో తిరిగి రావొచ్చు కూడా. పైగా సర్వర్ ఒకటి తగ్గుతుంది, దాని అద్దె తగ్గుతుంది. సెకనుకు వేల పనులొచ్చే చోట రెడిస్, రాబిట్‌ఎంక్యూ ఉండాల్సిందే. అక్కడికి చేరినరోజు మారండి.

ఏది ఎంచుకున్నా ఒక్క ప్రశ్న తప్పదు: పని మధ్యలో వర్కర్ చచ్చిపోతే ఏమవుతుంది? సెలెరీ మామూలు సెట్టింగులో పని మొదలవ్వకముందే 'అందింది' అని చెప్పేస్తుంది. కరెంటు పోతే ఆ బిల్లు గల్లంతే. సైడ్‌కిక్ ఉచిత వెర్షన్‌లోనూ ఈ బెడద ఉంది, గట్టి రక్షణ డబ్బు కట్టే వెర్షన్‌లోనే. సెలెరీలో 'యాక్స్ లేట్' పెడితే కరెంటు పోయినా పని పోదు, కానీ రెండుసార్లు జరగొచ్చు. ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్తే నవ్వుకుంటారు. డబ్బు రెండుసార్లు వాపసు వెళ్తే దుకాణదారు నవ్వడు. కాబట్టి ప్రతి పనికీ ఆర్డర్ నంబరుతో గుర్తు పెట్టి, 'ఇది ఇంతకుముందే అయిందా?' అని చూసుకునేలా రాయాలి. ఏ లైబ్రరీ కూడా ఈ పని మీ బదులు చేసిపెట్టదు.

ఇంటర్వ్యూలో 'క్యూ వాడాను' అని అందరూ అంటారు. మీరు ఈ వారమే లాప్‌టాప్‌లో వంద ఆర్డర్లు పెట్టి, సగంలో వర్కర్‌ను కిల్ కమాండ్‌తో ఆపేయండి. మళ్లీ లేపి ఎన్ని బిల్లులొచ్చాయో లెక్కపెట్టండి. 97 వచ్చినా, 103 వచ్చినా ఎందుకో కనిపెట్టి, ఆ లెక్కనే రెజ్యూమెలో రాయండి.