సగటు నీళ్లు ఎవరూ తాగరు

"మీ ఊర్లె ఫ్లోరైడ్ సగటున పరిమితిలోనే ఉంది" అని ఎవరన్నా అంటే చప్పట్లు కొట్టకండి. ముందు బోర్ల లిస్టు అడగండి.

మన మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ ఏం చేస్తదో పుస్తకం చూసి నేర్చుకోనక్కర్లేదు. గార పట్టిన పళ్లు, వంగిన కాళ్లు మన ఇండ్లల్లనే ఉన్నయ్. తాగే నీళ్లకు గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

ఒక లెక్క చూద్దాం. ఒక ఊరికి ఐదు బోర్లు అనుకోండి. వాటిల్ల ఫ్లోరైడ్ 0.6, 0.8, 0.9, 1.0, 4.2. అన్నీ కూడితే 7.5. ఐదుతో భాగిస్తే సగటు 1.5. కాగితం మీద ఊరు పాస్! కానీ ఆ 4.2 బోరు తండాది. తండా పిల్లలు తాగేది సగటు కాదు, 4.2.

"సగటు వద్దు, మధ్యగతం చూడాలె" అంటరు చదువుకున్నోళ్లు. వరుసగ పేర్చి నడుమ అంకె తీస్తే 0.9. ఇది ఇంకా తియ్యటి అబద్ధం.

మధ్యగతం పనికిరాదని కాదు. భూమి లెక్కల అదే నిజం చెప్తది. తొమ్మిది కుటుంబాలకు ఎకరం చొప్పున, ఒక్క ఆసామికి 41 ఎకరాలు ఉన్నయనుకోండి. సగటు ఐదెకరాలు! మధ్యగతం ఒక్క ఎకరమే. ఎక్కువ ఇండ్లల్ల కనిపించే అంకె, అంటే బాహుళకం, అది కూడా ఒక్కటే. ఆ సగటు ఐదెకరాలు ఏ ఇంట్లనూ లేవు.

నీళ్ల కాడ మాత్రం అడగాల్సింది వేరే: అన్నిటికంటే ఎక్కువ ఎంత? పరిమితి దాటిన బోర్లు ఎన్ని? వాటి మీద బతికే ఇండ్లు ఎన్ని?

2011 జనాభా లెక్కల్ల తెలంగాణ అక్షరాస్యత 66.5 శాతం. ఎస్టీలది విడిగ తీస్తే 49.5. రాష్ట్రం సగటు కింద మనం దాక్కపోయినం. ఆ 49.5 లోపల నల్లమల చెంచు పెంటలు మళ్లా దాక్కపోయినయ్.

లెక్కలు తప్పు కాదు. ఏ లెక్క చూపాలె, ఏది దాచాలె అని ఎంచుకునే కాడనే రాజకీయం ఉంది.

అందుకే గ్రామసభల ఒక్కటే మాట అడుగుదాం: ఊరి సగటు వద్దు. తండా వారీగ, బోరు వారీగ పరీక్ష చేసిన తేదీతో సహా లిస్టు పంచాయతీ గోడ మీద రాయాలె. నల్లా నీళ్లు ఆగిన దినం మనోళ్లు పోయేది ఆ బోరు కాడికే.

జై సేవాలాల్! జై ఆదివాసీ!