చేరిన నాటి నిబంధనే చెల్లాలి
కెనడాలో చదివిన విదేశీ విద్యార్థి శాశ్వత నివాసానికి చేరే దారి కాగితం మీద సూటిగానే ఉంటుంది: పట్టా, గరిష్ఠంగా మూడేళ్ల వర్క్ పర్మిట్, నైపుణ్యమున్న కొలువులో ఏడాది అనుభవం, ఆపై పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. ఆ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. అది కరిగిపోతుండగానే నియమాలు మారుతున్నాయి. ఉద్యోగ ఆఫర్‌కు దక్కే 50 లేదా 200 పాయింట్లను 2025 మార్చి 25న తొలగిస్తే, అప్పటికే వరుసలో ఉన్నవారూ వాటిని కోల్పోయారు. 2025కు 5 లక్షలన్న శాశ్వత నివాసాల లక్ష్యం 3,95,000కు తగ్గింది. 29 దాటాక వయసు పాయింట్లూ ఏటా తగ్గుతాయి కాబట్టి ఆగి చూద్దామన్నా నష్టమే.

స్టడీ పర్మిట్ శాశ్వత నివాసానికి హామీ కాదని, ఇళ్ల కొరత ఉన్న దేశానికి వలసలను అదుపు చేసుకునే హక్కుందని అంటారు. రెండూ నిజమే. పాయింట్ల కోసం సాగే నకిలీ ఉద్యోగ ఆఫర్ల అమ్మకాన్ని అరికట్టడమూ అవసరమే. కానీ అదుపు ఉండాల్సింది గుమ్మం దగ్గర. ఫీజులు కట్టించుకుని లోపలికి రానిచ్చాక కాదు. ఇది అసాధ్యమేమీ కాదు. వర్క్ పర్మిట్‌కు కోర్సుల పరిమితి పెట్టినప్పుడు, 2024 నవంబరు 1కి ముందు స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారిని కెనడాయే మినహాయించింది. అదే న్యాయం శాశ్వత నివాసపు పాయింట్లకూ వర్తించాలి. ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపిన తెలుగు కుటుంబాలు అడగాల్సింది రాయితీ కాదు, ఆ మినహాయింపే.