రెండింట్లో ఒకటి... ఇప్పుడే తేల్చేయాలా?



డబ్ల్యూపీఎల్ చూసే ఇళ్లలో ఎలీస్ పెర్రీ పేరు తెలియనివాళ్లు తక్కువ. 2024లో బెంగళూరు జట్టు కప్పు గెలిచినప్పుడు, ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువగా 347 పరుగులు చేసింది ఆమే. అయితే ఆమె ఆస్ట్రేలియా తరఫున ఫుట్‌బాల్ కూడా ఆడిందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

2007లో పెర్రీకి పదహారేళ్లు. ఇంకా స్కూల్లో చదువుతోంది. కొద్ది వారాల తేడాతో క్రికెట్, ఫుట్‌బాల్ రెండు జాతీయ జట్లలోనూ అడుగుపెట్టింది. 2009లో క్రికెట్ ప్రపంచ కప్ ఆడింది. 2011లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆడి, క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ మీద దూరం నుంచి గోల్ కొట్టింది.

'రెండు పడవల మీద కాళ్లు' అని మనం పిల్లల్ని హెచ్చరిస్తాం. కానీ 2010 టీ20 ప్రపంచ కప్ ఫైనల్ చూడండి. చివరి బంతికి న్యూజిలాండ్‌కు ఐదు పరుగులు కావాలి. బౌలర్ పెర్రీ. బ్యాటర్ నేరుగా గట్టిగా కొట్టిన బంతికి ఆమె కాలు అడ్డుపెట్టింది. అది ఫోర్ వెళ్తే స్కోర్లు సమమయ్యేవి. ఒక్క పరుగే వచ్చింది. ఆస్ట్రేలియా మూడు పరుగుల తేడాతో గెలిచింది. ఫుట్‌బాల్‌కు అలవాటుపడిన కాలు క్రికెట్ కప్పును కాపాడింది!

రెండూ సాగించడం తేలికేం కాదు. మ్యాచ్‌ల తేదీలు ఢీకొన్నాయి. పూర్తిగా ఫుట్‌బాల్‌కే సమయం ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చింది. 2012లో ఆమె క్లబ్ మారింది తప్ప క్రికెట్ వదల్లేదు. 2013 తర్వాత దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడలేదు. చివరికి క్రికెట్‌నే ఎంచుకుంది. 2017లో ఇంగ్లండ్‌పై టెస్టులో 213 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. అంటే ఎంపిక తప్పలేదు. కానీ అది పెద్దయ్యాక, రెండూ ఆడి చూశాక, ఆమె చేసుకున్న ఎంపిక.

మన దగ్గర ఆ ఎంపిక ఎనిమిదో తరగతిలోనే జరిగిపోతోంది. ఫౌండేషన్ క్లాసులు మొదలవగానే 'ఇక ఆటలు చాలు మేడమ్, చదువు మీద పెట్టించండి' అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అంటారు. మీ భయం నాకు అర్థమవుతుంది. ఫీజు కష్టార్జితం, ర్యాంకుల పోటీ నిజం. ప్రతి పిల్లా పెర్రీ కాదు, కానవసరమూ లేదు. అయితే ఆటలో ఓడి మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కు వచ్చే పిల్ల, స్లిప్ టెస్ట్‌లో మార్కులు తగ్గినా కుంగిపోకుండా మళ్లీ పుస్తకం తీస్తుంది. క్లాసులో నేను రోజూ చూస్తున్నది ఇదే.

అందుకే మూడు విన్నపాలు. పదో తరగతి వరకైనా ఆటను పూర్తిగా మాన్పించకండి. మార్కులు తగ్గితే ముందు నిద్ర, ఫోన్, ట్యూషన్ గంటలు లెక్క చూడండి. ఆటను చివర్లో అనుమానించండి. గేమ్స్ పీరియడ్‌ను సిలబస్‌కు వాడుకోవద్దని మమ్మల్ని కూడా గట్టిగా అడగండి. మీరు అడిగితే ఆ పీరియడ్ నిలుస్తుంది.