చిల్లగింజకు తేరని నీరు

ఏటి నుంచి తెచ్చిన కలకనీటిని కుండలో పోసి, కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి, మడ్డి అడుగుకు దిగిన పిమ్మట పైన తేరిన నీటిని వాడుకోవడం ఒకప్పటి పల్లెల అలవాటు. కుండను కదిపేవారు లేరు కనుక అడుగున చేరిన మన్ను అక్కడే ఉంటుంది. నంద్యాల జిల్లా పగిడ్యాల మండలం అంచున పరచుకున్న శ్రీశైలం జలాశయపు వెనుక జలాలకు అటువంటి విశ్రాంతి లేదు.

వర్షాకాలంలో కృష్ణా తుంగభద్రలు ఎర్రమట్టినీ నల్లరేగడినీ మోసుకొస్తాయి. ప్రవాహవేగం తగ్గినచోట ముందుగా ఇసుక, ఆ తరువాత సన్నని ఒండ్రు అడుగుకు దిగుతాయి. జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి నిండినప్పుడు గాలి ఎంత వీచినా లోతైన చోట అలల తాకిడి అడుగుకు చేరదు. వేసవికి నీరు తగ్గి, సప్తనదీ సంగమంగా పేరొందిన సంగమేశ్వరాలయం బయటపడే నాటికి పరిస్థితి వేరు. మోకాలి లోతో నడుము లోతో మిగిలిన అంచులలో చిన్న గాలి చాలు, దిగిన ఒండ్రు తిరిగి లేస్తుంది. నీళ్ళకు దిగిన పశువులు, లాగిన వలలు, తిరిగే పడవలు ఆ పనినే కొనసాగిస్తాయి.

శ్రీశైలం పూడికను గురించి మాటలు తక్కువేమీ కాదు. తొలుత 308 టీఎంసీలుగా లెక్కించిన నిల్వ సామర్థ్యం తరువాతి సర్వేలలో 215 టీఎంసీలకు తగ్గినట్లు తేలింది. సాగునీటికి ఈ లెక్క అత్యవసరం. అయితే పూడిక అంటే కోల్పోయిన నీటి చోటు మాత్రమేనని భావించడం పొరపాటు. అడుగున కదలక పడివున్న మన్ను టీఎంసీల లెక్కకు చెందుతుంది. పైకి లేచిన మన్ను వెలుతురు లెక్కకు చెందుతుంది. ఈ రెండవ లెక్కకు ఇంతవరకు తగిన ఆదరణ లేదు. చేపల వేటపై బతికే కుటుంబాల కూడు దానితోనే ముడిపడి ఉంది.

నీటిలోని జీవానికి మూలం శైవలాలు. కంటికి కనిపించని వృక్ష ప్లవకాల నుంచి రాళ్ళకంటిన నాచు దాకా అన్నీ సూర్యకాంతితోనే ఆహారాన్ని తయారుచేసుకుంటాయి. నీటిలో తేలే బంకమట్టి రేణువులు ఆ కాంతిని అడ్డగిస్తాయి. ముందుగా నష్టపోయేవి అడుగునంటి పెరిగే నాచు, నీటి మొక్కలు. వాటి వేళ్ళే మన్నును పట్టి ఉంచుతాయి కనుక అవి నశించిన కొద్దీ అడుగు మరింత వదులై, మరుసటి గాలికి మరింత మన్ను లేస్తుంది. ఒకసారి ఈ చక్రంలో పడిన చెరువు తిరిగి తేటబడడం కష్టం.

అలాగని కలకనీటిలో శైవలాలే ఉండవని కాదు. లేచిన మన్నుతోపాటు అందులో దాగిన భాస్వరం కూడా నీటిలోకి వస్తుంది. అది శైవలాలకు ఎరువు. అయితే ఆ ఎరువును వాడుకోగలిగేది వెలుతురు ఉన్న పైపొరకు చేరగలిగినవే. నీలి ఆకుపచ్చ శైవలాలలో కొన్నింటికి కణాలలోనే గాలి బుడగలుంటాయి. అవి తేలి పైకి వచ్చి, తక్కినవాటికి అందని వెలుతురును దక్కించుకుంటాయి. వాటిలో కొన్ని విషాన్ని కూడా విడుదల చేస్తాయి. చైనాలోని తైహు సరస్సు సగటు లోతు సుమారు 2 మీటర్లు. గాలికి అడుగు కదిలి భాస్వరం పైకి వచ్చే ఆ సరస్సులో 2007 మే నెలలో ఈ శైవలాలు విపరీతంగా పెరగగా, వూషీ నగరంలో లక్షలాది మందికి కుళాయి నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. అక్కడ పరిశ్రమల, పట్టణాల మురుగు పాత్ర పెద్దదన్నది నిజమే. ఎరువుల పొలాల నడుమనున్న జలాశయాలకు ఆ ఉదాహరణ మరీ దూరమైనదీ కాదు.

శైవలాల మార్పు అక్కడితో ఆగదు. నీటిని వడగట్టి ఆహారం తీసుకునే జంతు ప్లవకాలకు మెతుకులతోపాటు మన్నూ నోట పడుతుంది. కడుపు నిండినా పోషణ ఉండదు. ఆ ప్లవకాలే బొచ్చె చేపకు ప్రధానాహారం. కంటిచూపుతో వేటాడే చేపలకు ఎర కనిపించదు. మీసాలతో తడిమి అడుగున మేసే బంగారుతీగకు మాత్రం కలక అడ్డు కాదు. పైగా అది మూతితో బురదను తవ్వి మరింత కలక రేపుతుంది. త్వరగా పెరుగుతుందని ఎంతో ఇష్టంగా నీటిలో వదిలే చేప ఇదే కావడం విచిత్రం.

ఒండ్రును శత్రువుగా చూడడమూ సరికాదు. కృష్ణా డెల్టా సారమంతా అదే. కొద్దిపాటి కదలిక అడుగున నిద్రిస్తున్న శైవలాలను లేపి ప్లవకాలకు ఆహారంగా అందిస్తుందని కూడా శాస్త్రజ్ఞులు గుర్తించారు. మితిమీరడమే చిక్కు. పూడికను యంత్రాలతో తోడేస్తే సరిపోతుందనే వాదన వినసొంపుగానే ఉంటుంది కాని, జాగ్రత్త లేని తవ్వకం వల్ల గాలి నెలల తరబడి రేపే కలక కొద్ది రోజులలోనే లేస్తుంది. అంతకంటె తేలికైన మార్గాలున్నాయి. నీరు దిగిన మునక భూములలో నీటి అంచు దాకా దుక్కి దున్నకుండా కొంత మేర గడ్డిని వదిలివేయవచ్చు. శ్రీశైలం జలాశయానికి సుమారు వంద గ్రామాలు ఇచ్చివేసిన ప్రజలను ఆ మిగిలిన చారెడు నేలనూ వదలమనడం అన్యాయం కనుక, వదిలిన మేరకు పరిహారం చెల్లించాలి. లోతు తక్కువ చోట్ల వదిలే చేపపిల్లలలో బంగారుతీగ పాలు తగ్గించాలి.

వీటన్నిటికీ ముందు కలకను కొలవాలి. 1865లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కి తెల్లని పళ్ళాన్ని సముద్రంలోకి దించి, అది కనుమరుగయ్యే లోతుతో నీటి తేటదనాన్ని కొలిచాడు. నేడు సరస్సులలో నలుపు తెలుపు భాగాలు గల 20 సెంటీమీటర్ల పళ్ళాన్ని వాడుతున్నారు. దానికి కావలసినవి ఒక రేకు, కొద్దిగా రంగు, ముళ్ళు వేసి గుర్తులు పెట్టిన తాడు. జలాశయపు అంచు గ్రామాల కళాశాలలు వారానికొకసారి, గాలి వీచిన రోజునా వీచని రోజునా, ఒకే చోట పడవలోంచి ఆ పళ్ళాన్ని దించి అంకెను రాసుకుంటే, పుష్యమాసం నాటి నీటికీ వైశాఖం నాటి నీటికీ ఉన్న తేడా రెండేళ్ళలో కాగితం మీదికి వస్తుంది.