పాలపళ్లూ అమానతే

"పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి!" పటాన్‌చెరు, సంగారెడ్డి బస్తీల్లో మేము తరచూ వినే మాట ఇది. నిజమే, ముందరి పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి. కాని దవడ పాలపళ్లు 10-12 ఏళ్ల దాకా ఉండవలసినవి. పుచ్చి ముందే రాలితే పక్కపళ్లు జరిగి, రావలసిన పన్ను చోటు లేక వంకరగా వస్తుంది.

బిస్మిల్లా అయిన కొత్తలో మా మక్తబ్‌కు వచ్చిన ఒక పిల్లవాడు 'ఫే', 'సే' పలకలేకపోయాడు. తజ్వీద్ ప్రకారం ఈ రెంటికీ పైపళ్ల అంచు కావాలి. వాడి పైపళ్లు నాలుగూ పుచ్చి మొండివైపోయాయి. నైట్ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి నిద్ర చెడకూడదని, తల్లి చక్కెరపాల సీసా నోట పెట్టి వాణ్ణి పడుకోబెట్టేది. తప్పు ఆమెది కాదు, చెప్పని మనందరిదీ.

మిస్వాక్ గురించి ప్రవక్త (స) ఎంత తాకీదు చేశారో జుమా బయానుల్లో వింటూనే ఉన్నాం. ఆ సున్నత్ పెద్దల జేబుల్లోనే ఉండిపోతే ఎలా? మొదటి పన్ను కనిపించిన నాటి నుంచే రోజూ తోమాలి. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. రాత్రి తోమాక నీళ్లు తప్ప మరేదీ ఇవ్వవద్దు. పన్ను నల్లబడితే ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు ఆ ఆస్పత్రికి, లేనివారు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు తీసుకెళ్లండి.

సంతానం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. పాలపళ్లూ అందులోనివే.