కనపడిన ప్రింటరల్లా మనదేనా?

మన సాఫ్టువేరు వాళ్ళకి ప్రింటరంటే అదో చులకన. క్లౌడు గురించి అడిగితే గంటసేపు చెప్తాం, ప్రింటరు గురించి అడిగితే "అది హెల్ప్‌డెస్కు వాళ్ళ పనండీ" అని కుర్చీ అటు తిప్పేస్తాం. ఆ చులకనతోనే ఆఫీసు ప్రింటర్ల వ్యవహారం మొత్తాన్ని "ఆటోమేటిగ్గా అదే కనుక్కుంటుందిలే" అనే ఒక్క మాటకి వదిలేశాం. నా గొడవంతా ఈ మాటతోనే. ఒక్క ముక్కలో చెప్పేస్తాను: నెట్‌వర్కులో ప్రింటర్ని కనిపెట్టడం యంత్రం పని, దాన్ని ఒప్పుకోవడం మనిషి పని. ఈ రెంటినీ ఒకటి చేసేసి దానికి "సౌకర్యం" అని పేరు పెట్టారు. ఆ సౌకర్యం ఖరీదు ఎవరు కడుతున్నారో ఎవరూ చెప్పరు.

ముందు ఈ కనిపెట్టడం ఎలా జరుగుతుందో చూద్దాం. మీ ల్యాప్‌టాపు 224.0.0.251 అనే అడ్రసుకి, 5353 యూడీపీ పోర్టు మీద "ఇక్కడ ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తుంది. ఉన్నవన్నీ "నేనున్నా, నేనున్నా" అంటాయి. ఇదే ఎండీఎన్‌ఎస్, ఆపిల్ వాడు దీన్నే బాంజూర్ అంటాడు. మైక్రోసాఫ్టు వాడిది డబ్ల్యూఎస్‌డీ, దాని పోర్టు 3702. మానిటరింగ్ సాఫ్టువేరైతే ఇంకో రకం.. మీరిచ్చిన ఐపీ రేంజిలో ప్రతి తలుపూ తట్టుకుంటూ పోతుంది. 161లో ఎస్‌ఎన్‌ఎంపీ పలికిందా, 9100 తెరిచి ఉందా, అయితే ప్రింటరే, రాసేసుకో!

ఇందులో ఎక్కడైనా "నువ్వెవరి తాలూకు? నిన్నెవరు తెచ్చి పెట్టారు?" అన్న ప్రశ్న ఉందా? లేదు. పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిని ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషి అనుకుంటారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి మనిషి అనుకుంటారు. ఆయన హాయిగా భోంచేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోతాడు. మన ఆఫీసు నెట్‌వర్కులో తెలియని డివైజు పరిస్థితి సరిగ్గా ఇదే. తేడా ఏంటంటే పెళ్ళిలో పోయేది ఒక విస్తరి, ఇక్కడ పోయేవి మన కాయితాలు.

ఇదంతా ఊహ అనుకునేవాళ్ళ కోసం 2024 సెప్టెంబరు సంగతి చెప్తా. లైనక్సులో ప్రింటింగుకి కప్స్ వాడతాం కదా, దానితో పాటు కప్స్-బ్రౌజ్డ్ అని ఒక చిన్న ప్రోగ్రాం చాలా డిస్ట్రోల్లో వస్తుంది. దాని పనే నెట్‌వర్కులో ప్రింటర్లని వెతికి మన లిస్టులో చేర్చడం. సిమోనే మార్గరిటెల్లి అనే ఇటలీ సెక్యూరిటీ నిపుణుడు దాని గుట్టు విప్పాడు. అది 631 యూడీపీ పోర్టు మీద అన్ని ఇంటర్‌ఫేసుల్లోనూ చెవి ఒగ్గి కూర్చుంటుంది. దారిన పోయే దానయ్య ఎవడైనా ఒక్క ప్యాకెట్టు పంపి "ఫలానా చోట ప్రింటరుంది" అంటే చాలు, నమ్మేస్తుంది. అక్కడికి వెళ్ళి, వాడిచ్చిన వివరాలని సరిగ్గా తనిఖీ చెయ్యకుండా పీపీడీ ఫైల్లో రాసుకుంటుంది. ఆ వివరాల్లో కమాండు దాచిపెట్టి ఉంటే, మనం ఆ ప్రింటరుకి ఒక్క పేజీ పంపగానే అది మన మెషీన్లో నడుస్తుంది. దీనికి నాలుగు సీవీఈ నంబర్లు ఇచ్చారు, మొదటిది సీవీఈ-2024-47176. ఆ మొదటి దాని సారాంశం ఏంటో తెలుసా? "ఎవరు చెప్పినా నమ్మడం". అంతే! ఇంకా తమాషా ఏంటంటే ఆ పాత బ్రౌజింగ్ పద్ధతిని కప్స్ వాళ్ళు 2012లోనే, 1.6 వెర్షన్లో తీసేశారు. పాత సర్వర్లతో కలవాలి కదా అని పక్క ప్రోగ్రాములో దాన్ని బతికించారు. పన్నెండేళ్ళ తరవాత అది కాటేసింది.

ఇక మానిటరింగు సంగతి. ఎస్‌ఎన్‌ఎంపీ మొదటి వెర్షన్ ఆర్‌ఎఫ్‌సీ 1157 వచ్చింది 1990లో. అందులో కమ్యూనిటీ స్ట్రింగ్ అని పాస్‌వర్డు లాంటి మాట ఒకటి ఉంటుంది. అది ఎన్‌క్రిప్షన్ ఏమీ లేకుండా తీగ మీద అలాగే పోతుంది. లెక్కలేనన్ని ప్రింటర్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఆ మాట "పబ్లిక్". పేరులోనే ఉంది :) పాస్‌వర్డూ ఎన్‌క్రిప్షనూ ఉన్న మూడో వెర్షన్ 2002 డిసెంబరులోనే పూర్తి స్టాండర్డు అయింది. అయినా ఇవాళ ఎవరైనా ప్రింటరు మానిటరింగు పెట్టాలంటే ఏం చేస్తారు? నాగియోస్‌తో వచ్చే నమూనా ప్రింటరు కాన్ఫిగ్ తెరుస్తారు. అందులో చెక్_హెచ్‌పీజేడీ ప్లగిన్, దాని పక్కన కమ్యూనిటీ "పబ్లిక్". ఐపీ మార్చి, సేవ్ చేసి, టీకి వెళ్ళిపోతారు.

"చదవడమే కదా, టోనరు ఎంతుందో ఎవడు చూస్తే నాకేంటి" అంటారు కొందరు. అయ్యా, 2002లో బయటపడిన హెచ్‌పీ జెట్‌డైరెక్ట్ లోపం గుర్తు చేస్తాను. ఒక ఎస్‌ఎన్‌ఎంపీ వేరియబుల్ని చదివితే చాలు, ప్రింటరు అడ్మిన్ పాస్‌వర్డు చేతికొచ్చేది. చదవడమే! అది పాత కథ, ఆ లోపం పోయింది కూడా. కానీ "ప్రింటరే కదా" అనే బుద్ధి పోలేదు. 2017 ఫిబ్రవరిలో ఒకడు ఇంటర్నెట్టుకి తెరిచి వదిలేసిన లక్షన్నర ప్రింటర్లలో తన సందేశం అచ్చు వేయించానని చెప్పుకున్నాడు. 2018 నవంబరులో ఇంకొకడు సుమారు 50 వేల ప్రింటర్లలో ఒక యూట్యూబ్ ఛానెల్ ప్రచారం కొట్టించాడు. ఏ పాస్‌వర్డూ పగలగొట్టనక్కర్లేదు, తలుపులే లేవు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే విషయం. పోనీ ఒక బుద్ధిమంతుడైన అడ్మిన్ ప్రింటర్లో "పబ్లిక్" తీసేసి వేరే స్ట్రింగ్ పెట్టాడనుకోండి. మర్నాడు పొద్దున్నే సగం ఆఫీసులో ప్రింటరు "ఆఫ్‌లైన్". ప్రింటరు ఎదురుగానే ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది, పింగ్‌కి పలుకుతోంది, అయినా విండోస్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది. ఎందుకంటే విండోస్ స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు కూడా ప్రింటరు స్థితిని ఎస్‌ఎన్‌ఎంపీ ద్వారానే, అదే "పబ్లిక్" అనే మాటతోనే అడుగుతుంది. జవాబు రాకపోతే ప్రింటరు చచ్చిపోయిందని తీర్మానించేస్తుంది. పోర్టు సెట్టింగుల్లోకి వెళ్ళి అక్కడ కూడా కొత్త స్ట్రింగ్ ఇవ్వాలి, లేదా ఆ ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ టిక్కు తీసెయ్యాలి. చాలామంది ఏం చేస్తారు? మేనేజరు అరుపులకి భయపడి ప్రింటర్లో మళ్ళీ "పబ్లిక్" పెట్టేస్తారు. అంటే తాళం వేసినవాణ్ణే తిట్టి, తాళం తీయించే ఏర్పాటన్నమాట!

ఆ తిట్లు తినేది ఎవరు? నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో (పేరు అనవసరం) అన్ని ఫ్లోర్లకీ కలిపి ఒకటే నెట్‌వర్కు, ప్రింటర్లూ అందులోనే. ఐదో ఫ్లోరు హెచ్ఆర్ మేడం ల్యాప్‌టాపులో మూడో ఫ్లోరు ప్రింటరు దానంతటదే వచ్చి చేరింది. ఆవిడ ఏదో మీటింగుకి దిగి ఒకసారి దానికి ప్రింటు ఇచ్చారు. విండోస్ 10 నుంచి "డీఫాల్టు ప్రింటర్ని విండోసే చూసుకుంటుంది" అనే ఆప్షన్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే ఆఖరుసారి వాడిందే డీఫాల్టు అయిపోతుంది. మర్నాడు ఆవిడ పైన కూర్చుని కొట్టిన హైకు లెటర్లు కింద మా ఫ్లోర్లో, కాఫీ మెషీను పక్కన పడ్డాయి. ఎవరికెంత పెరిగిందో మధ్యాహ్నానికల్లా ఫ్లోరంతా తెలిసిపోయింది. చివరికి మెమో ఎవరికి వచ్చిందంటారా? వెండరు తరఫున కాంట్రాక్టులో పనిచేసే హెల్ప్‌డెస్కు కుర్రాడికి. "అన్నా, ఆ ప్రింటర్ని నేను యాడ్ చెయ్యలేదన్నా, అదే వచ్చి కూర్చుంది" అన్నాడు నాతో. ఆ మాట వినే నాథుడు లేడు. నిర్ణయం తీసుకునేది సాఫ్టువేరు, సంజాయిషీ ఇచ్చుకునేది నెలజీతం కుర్రాడు. ఆటోమేటిక్ అంటే అర్థం ఇదైతే ఆ ఆటోమేటిక్ మనకొద్దు.

పోనీ కనిపెట్టాక అయినా మానిటరింగు సరిగ్గా చేస్తుందా అంటే అదీ లేదు. ప్రింటరు ఎంఐబీలో టోనరు స్థాయి చెప్పే విలువ ఒకటుంది. అది శాతం కానక్కర్లేదు, పక్కనున్న గరిష్ఠ సామర్థ్యంతో భాగించాలి. మైనస్ 2 వస్తే "తెలీదు" అని, మైనస్ 3 వస్తే "ఎంతో చెప్పలేను గానీ కాస్త ఉంది" అని అర్థం. ఇవేవీ పట్టని టెంప్లేటుని ఆటోమేటిగ్గా తగిలిస్తే "టోనరు మైనస్ మూడు శాతం" అని అర్ధరాత్రి మెయిళ్ళు వస్తాయి. ఇంకొందరు పింగ్ పలికితే చాలు ప్రింటరు బాగున్నట్టే అనుకుంటారు. కాయితం ఇరుక్కుపోయిన ప్రింటరు కూడా పింగ్‌కి బ్రహ్మాండంగా పలుకుతుంది బాబూ! కాయితం లేదు, టోనరు లేదు, తలుపు తెరిచి ఉంది, ఇరుక్కుంది అని విడివిడిగా చెప్పే బిట్లు హోస్ట్ రిసోర్సెస్ ఎంఐబీలో ఉన్నాయి. చూడాల్సింది వాటిని.

ఇక వెతికే పద్ధతి. 9100 పోర్టుకి ఏం పంపినా చాలా ప్రింటర్లు అచ్చు వేసేస్తాయి. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ కనుక్కునేటప్పుడు 9100 నుంచి 9107 దాకా టీసీపీ పోర్టుల్ని తనంతట తానే వదిలేస్తుంది. ఆ మాత్రం మర్యాద తెలియని స్కానరు చేతికిస్తే ట్రేలో కాయితాలన్నీ చెత్త అక్షరాలతో నిండిపోతాయి.

"అయితే రెండొందల ప్రింటర్లని చేత్తో రాసుకోమంటావా? మళ్ళీ రాతియుగానికా?" అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. వెతకొద్దని నేననట్లేదు. రోజూ వెతకండి, కానీ వెతికి వచ్చినదాన్ని మీ దగ్గరున్న లిస్టుతో పోల్చండి. లిస్టులో ఉన్నవి కనపడితే మంచిది. లిస్టులో ఉండి కనపడకపోతే ఒక అలర్టు. కనపడి లిస్టులో లేకపోతే దానికి పెద్ద అలర్టు! ఆటోమేటిక్ డిస్కవరీ అసలు విలువ ఈ మూడో దాంట్లోనే ఉంది. మనం చేస్తున్నదేమో సరిగ్గా ఆ మూడో దాన్నే చప్పుడు చెయ్యకుండా లోపలికి పిలిచి కూర్చోబెట్టడం. కాపలాకి పెట్టిన కుక్క చేత అతిథి మర్యాదలు చేయిస్తున్నాం.

మిగతాది పెద్ద కష్టమేమీ కాదు. ప్రింటర్లకి వేరే వీల్యాన్ ఇవ్వండి. వాటి 9100, 631 పోర్టులకి ప్రింటు సర్వరు ఒక్కటే, 161కి మానిటరింగు సర్వరు ఒక్కటే వెళ్ళేలా చూడండి. ప్రతి ప్రింటరు మ్యాక్ అడ్రసుకీ డీహెచ్‌సీపీలో ఐపీ రిజర్వు చెయ్యండి, లేకపోతే ఇవాళ్టి ప్రింటరు ఐపీ రేపు ఇంకొకరి ప్రింటరుకి పోతుంది. ప్రింటర్లో ఎస్‌ఎన్‌ఎంపీ మూడో వెర్షన్ ఉంటే అదే వాడండి, లేకపోతే కనీసం "పబ్లిక్" మార్చి, రాసే కమ్యూనిటీని పూర్తిగా తీసెయ్యండి. కప్స్-బ్రౌజ్డ్ అవసరం లేని మెషీన్లలో ఆపెయ్యండి. ఉద్యోగుల ల్యాప్‌టాపులకి మీరు ఒప్పుకున్న క్యూలు మాత్రమే కనపడాలి. డిస్కవరీలో దొరికిన కొత్త డివైజు నేరుగా మానిటరింగులోకి కాకుండా "పెండింగు"లోకి వెళ్ళాలి. ఏ ఫ్లోరు, ఎవరి బాధ్యత, ఎవరు వాడొచ్చు అన్న మూడు గళ్ళూ ఒక మనిషి నింపాకే అది మనదవ్వాలి. ఆ మనిషి ఎవరో మేనేజరు సంతకంతో రాసి ఉండాలి. అప్పుడు మెమో ఎవరికివ్వాలో వెతుక్కోనక్కర్లేదు.

ఇందులో కొత్త టెక్నాలజీ ఒక్కటీ లేదు, కొనాల్సిన లైసెన్సూ లేదు. వీల్యాన్ చేతనైన కుర్రాడికి వారం రోజుల పని. ఆ వారం అతనికి ఇవ్వం, "అదే కనుక్కుంటుందిలే" అంటాం, తేడా వస్తే అతన్నే అడుగుతాం. మనం రాసే కోడులో తెలియని యూజరుని లాగిన్ కూడా కానివ్వం కదా.. మరి మన కాయితాల్ని అచ్చు వేసే యంత్రానికి మాత్రం ఎందుకీ ఉదారత? మీ ఆఫీసులో ఎన్ని ప్రింటర్లున్నాయో, ఒక్కోటి ఎవరిదో చెప్పగలిగే మనిషి ఒక్కరైనా ఉన్నారా? రేపు వెళ్ళి అడిగి చూడండి.